పేగు నెమ్మదించిందా, బయటి దారి తెరుచుకోవడం లేదా? ఆడవాళ్ల మొండి మలబద్ధకాన్ని తేల్చే పద్ధతి

కొలనోస్కోపీ రిపోర్టులో నార్మల్ అని ఉంటే పెద్దపేగు లోపలి గోడ బాగుందని అర్థం. గడ్డలు లేవు, పుండ్లు లేవు, క్యాన్సర్ లేదు. ఊపిరి పీల్చుకోవాల్సిన సంగతే. అయితే ఆ పేగు సరిగ్గా కదులుతోందో లేదో ఆ పరీక్షకు తెలియదు. ముందురోజే మందు తాగించి పేగును కడిగేసి, మత్తిచ్చి, గాలి నింపి చూసే పరీక్ష అది. కదలిక గురించి అందులో ఏం కనిపిస్తుంది?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాలలో ఏళ్ల తరబడి దవాఖానాల చుట్టూ తిరిగే ఆడవాళ్లలో చాలామందికి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పరు. స్కానింగ్ బాగుంది, రక్తపరీక్షలు బాగున్నాయి, కొలనోస్కోపీ బాగుంది. ‘ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో, ఆకుకూరలు తిను, నీళ్లు బాగా తాగు’ అని గ్యాస్ గోళీలు రాసి పంపిస్తారు. ఆమె ఆకుకూరలు తింటూనే ఉంది, నీళ్లు తాగుతూనే ఉంది. వారం దాటినా మోషన్ రాదు. సాయంత్రమయ్యేసరికి కడుపుబ్బి లంగా బొందు వదులు చేసుకోవాల్సి వస్తుంది. తప్పంతా తన తిండిలోనో తన మనసులోనో ఉందని ఆమె నమ్మడం మొదలుపెడుతుంది. నాకు బాధ కలిగించేది ఈ చివరి సంగతే. ఎందుకంటే ఈ జబ్బును తేల్చే పద్ధతి ఒకటుంది, దానికో వరుస ఉంది. ఆ వరుస తప్పితేనే ఏళ్లు వృథా అవుతాయి.

ఎన్ని రోజులైతే జబ్బు?

పొద్దున లేవగానే అవ్వాల్సిందే అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. నిజానికి రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఏదైనా మామూలే. రెండు రోజులకోసారి మెత్తగా, ముక్కాల్సిన పని లేకుండా అవుతుంటే దానికి మందు అక్కర్లేదు. రోజూ పోయినా అరగంట కూర్చుని, చెమటలు పట్టేలా ముక్కి, సగమే అయిందనిపించి లేచి వచ్చే మనిషికి మలబద్ధకం ఉన్నట్టే.

ప్రపంచమంతా డాక్టర్లు వాడే రోమ్ ప్రమాణాలు అందుకే రోజుల లెక్కతో ఆగవు. వారానికి మూడుసార్ల కంటే తక్కువ కావడం, గట్టిగా ముక్కాల్సి రావడం, మేక పెంటికల్లాగా గట్టిగా రావడం, పూర్తిగా కాలేదనిపించడం, ఏదో అడ్డుపడినట్టుండటం, వేలితో సాయం చేసుకోవాల్సి రావడం. వీటిలో కనీసం రెండు గత మూడు నెలలుగా ఉండాలి, సమస్య మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. మలం ఎలా వస్తోందో చెప్పడానికి ఏడు బొమ్మల బ్రిస్టల్ చార్టు ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ నుంచి 1997లో వచ్చింది. అందులో మొదటి రెండు రకాలు, అంటే పెంటికలు, గట్టి ముద్దలు, పేగు నెమ్మదిగా ఉందని చెప్పే మంచి గుర్తులు. ఎన్ని రోజులకోసారి అన్న లెక్క కన్నా ఇదే నమ్మదగినది. రెండు వారాల పాటు ఏ రోజు అయింది, ఏ బొమ్మలాగా అయింది, ఎంతసేపు కూర్చున్నారు అన్నది క్యాలెండర్ మీద గీసుకుని తీసుకెళ్తే డాక్టరుకు పది ప్రశ్నల పని తగ్గుతుంది.

పెద్దపేగులో జరిగేది

తిన్నది చిన్నపేగు దాటి పెద్దపేగులోకి వచ్చేసరికి దాదాపు నీళ్లగానే ఉంటుంది. రోజుకు లీటరు నుంచి లీటరున్నర ద్రవం అలా వస్తుంది. సుమారు మీటరున్నర పొడవున్న పెద్దపేగు అందులో చాలా భాగం నీటిని పీల్చుకుంటుంది. ఈ ప్రయాణానికి సగటున ఒకటిన్నర రోజు పడుతుంది, మూడు రోజుల దాకా మామూలుగానే లెక్కేస్తారు. ఆడవాళ్లలో మగవాళ్లకన్నా కాస్త నెమ్మది. ఇంకా ఎక్కువసేపు లోపలే ఉంటే ఇంకా నీరు పోతుంది, మలం ఎండి గట్టిపడుతుంది.

పెద్దపేగు రెండు రకాలుగా కదులుతుంది. రోజంతా చిన్న చిన్న కదలికలు ఉంటాయి, అవి లోపలున్నదాన్ని కలుపుతాయి గానీ ముందుకు పెద్దగా తోయవు. తోసే పని చేసేవి రోజుకు కొద్దిసార్లు మాత్రమే వచ్చే బలమైన అలలు. అవి ముఖ్యంగా నిద్ర లేచాక, తిన్నాక వస్తాయి. పొద్దున ఛాయ్ తాగగానే చాలామందికి లోపల కదిలినట్టు అనిపించేది అందుకే. పేగు నెమ్మదించిన వాళ్లలో ఈ పెద్ద అలలు తగ్గిపోతాయి, తిన్నాక రావాల్సిన ఊపు సరిగ్గా రాదు. అందుకే ఈ జబ్బున్న ఆడవాళ్లు ‘వారమైనా నాకు పోవాలనే అనిపించదు’ అంటారు. ఆ మాట డాక్టరు చెవిన పడాలి.

పేగు గోడలో కహాల్ కణాలని ఉంటాయి. కండరాల కదలికకు లయ ఇచ్చేవి అవే. మరీ ముదిరిన కేసుల్లో ఆపరేషన్ చేసి తీసిన పేగు ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తే ఈ కణాలు మామూలు కంటే బాగా తక్కువగా కనిపించాయి. పేగు నరాల్లోనూ తేడాలు ఉన్నాయి. అంటే ఇది సోమరితనం వల్లో, అతిగా ఆలోచించడం వల్లో వచ్చింది కాదు, పేగు గోడలోనే కనిపించే తేడా.

ఆడవాళ్లలోనే ఎందుకు ఇంత

లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి డాక్టర్లు ప్రెస్టన్, లెనార్డ్-జోన్స్ 1986లో ఇలాంటి 64 మంది ఆడవాళ్ల వివరాలు ప్రచురించారు. వాళ్ల పేగు ఆకారం మామూలుగానే ఉంది, కదలిక మాత్రం బాగా నెమ్మది. వారానికోసారి, ఇంకా ఆలస్యంగా అయ్యేది. చాలామందికి పెద్దమనిషైన కాలంలోనే మొదలైంది. పీచు ఎక్కువున్న తిండి సాయపడలేదు. నెలసరి నొప్పులు, క్రమం తప్పిన నెలసరి, మూత్రం మొదలుపెట్టడానికి ఇబ్బంది కూడా వీళ్లలో ఎక్కువగా కనిపించాయి. నలభై ఏళ్ల కిందటి ఈ వర్ణన చదువుతుంటే మన ఊళ్లలో ఇంటర్ చదివే అమ్మాయిలు, పిల్లల తల్లులు చెప్పుకునే మాటల్లాగే ఉంటుంది.

హార్మోన్ల పాత్ర ఉంది. గర్భంతో ఉన్నప్పుడు పెరిగే ప్రొజెస్టెరాన్ పేగు కండరాన్ని మెత్తబరుస్తుంది. నెలసరికి ముందు బిగదీసి, మొదలవగానే వదులయ్యే అనుభవం చాలామందికి తెలిసిందే. పేగు నెమ్మదించిన కొందరు ఆడవాళ్ల పేగు కండరంలో ప్రొజెస్టెరాన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు చూశారు. కాకపోతే హార్మోన్ స్థాయి చూసి ఈ జబ్బును తేల్చే పరీక్ష ఏదీ లేదు. ఎవరైనా అలాంటి పరీక్షల లిస్టు రాస్తే ఎందుకని అడగండి.

గర్భసంచి ఆపరేషన్ సంగతి మన దగ్గర ప్రత్యేకంగా మాట్లాడాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే తెలంగాణలో 7.7 శాతం. క్యాన్సర్ కోసం చుట్టూ ఉన్న భాగాలతో కలిపి తీసే పెద్ద ఆపరేషన్లో నరాలు దెబ్బతిని మలబద్ధకం రావచ్చు. మామూలు ఆపరేషన్ విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. అయినా ‘ఆపరేషన్ అయినప్పటి నుంచే’ అని ఒక అమ్మ చెబితే దాన్ని కొట్టిపారేయకుండా ఫైల్లో రాసుకోవాలి.

ఇక అందరికీ తెలిసీ ఎవరూ జబ్బుకు ముడిపెట్టని కారణం ఒకటుంది. ఆపుకోవడం. మిరపతోటలో, పత్తి చేనులో కూలికి పోయిన ఆడవాళ్లకు చాటు ఉండదు. పొద్దున ఎనిమిదింటికి ట్రాలీ ఆటో ఎక్కితే సాయంత్రం దాకా అంతే. పోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగరు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే వాళ్లకు వెయ్యి బీడీల లెక్క తప్పకూడదు, చాట ఒళ్లో పెట్టుకుంటే లేవబుద్ధి కాదు. బస్సుల్లో డ్యూటీ చేసే కండక్టర్లు, స్కూలు బాత్రూం చూసి భయపడే ఆడపిల్లలు, అందరికీ బాత్రూం ఖాళీ అయ్యాకే తన వంతు వచ్చే కోడళ్లు. 1990లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను ఒక వారం పాటు మోషన్ ఆపుకోమన్నారు. ఆ వారంలోనే పేగు ప్రయాణం నెమ్మదించింది, చివరి భాగంలోనే కాదు, పెద్దపేగు మొదట్లో కూడా. ఒక్క వారానికే అలా అయితే చిన్నప్పటి నుంచీ ఆపుకుంటూ వచ్చిన మనిషి పేగు సంగతి ఆలోచించండి. బడిలో, పని చోట బాత్రూం కావాలనడం సౌకర్యం కోసం అడిగే మాట కాదు, వైద్యం కోసం అడిగే మాట.

ముందు మందుల కవర్ బోర్లించండి

దవాఖానకు వచ్చే ఆడవాళ్ల చేతిలో చీటీలు, గోళీలు కలిపి ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. అసలు పరీక్ష అక్కడ మొదలవ్వాలి. బల్ల మీద బోర్లిస్తే ఏం కనిపిస్తాయి? రక్తం తక్కువుందని ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్రటి ఐరన్ గోళీలు, కాన్పు తర్వాత ఆపకుండా వాడుతున్న క్యాల్షియం, నడుం నొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చిన ట్రమడాల్, నెలసరి నొప్పికి డైసైక్లోమిన్, మైగ్రేన్‌కో నిద్రకో రాసిన అమిట్రిప్టిలిన్, వాంతుల గోళీ ఆండాన్‌సెట్రాన్, కొన్ని బీపీ మందులు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్. వీటిలో ప్రతి ఒక్కటీ మలబద్ధకం తెచ్చేదే. మూడు నాలుగు కలిసి ఒకే కవర్లో ఉండటం మామూలు. ఐరన్ మానేయమని కాదు, మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. రకం మార్చొచ్చు, రోజు విడిచి రోజు ఇవ్వొచ్చు, ఆ నిర్ణయం డాక్టరుతో కలిసి చేయాలి. పేరూ ఊరూ లేని నాటుమందుల్లో సీసం ఉంటే అది కూడా కడుపునొప్పి, మలబద్ధకం తెస్తుంది, కాబట్టి వాటినీ దాచకుండా చూపించాలి.

రక్తపరీక్షలు కొన్ని చాలు. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, క్యాల్షియం, అవసరమైతే పొటాషియం. థైరాయిడ్ తక్కువగా ఉండటం ఆడవాళ్లలో ఎక్కువ, దొరికితే వైద్యం తేలిక. క్యాల్షియం ఎక్కువుంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల వైపు చూడాలి. పెద్ద వయసులో కొత్తగా మొదలై, నడక నెమ్మదించి, వాసన తెలియడం తగ్గితే పార్కిన్సన్ గుర్తుకు రావాలి, ఎందుకంటే చేతుల వణుకు కన్నా ఏళ్ల ముందే మలబద్ధకం మొదలవ్వచ్చు.

కొలనోస్కోపీ ఎవరికి? మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఐరన్ లోపంతో వచ్చిన రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, యాభై దాటాక కొత్తగా మారిన అలవాటు. వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకూడదు. ఇవేవీ లేని పాతికేళ్ల అమ్మాయికి అదే మొదటి పరీక్షగా చేయడం వల్ల డబ్బు పోవడం తప్ప కదలిక గురించి తెలిసేదేం లేదు.

దారి సంగతి తేలాకే పేగు సంగతి

రోడ్డు మీద బండ్లు నిలిచిపోయాయంటే రెండు కారణాలు ఉండొచ్చు. బండ్లే నెమ్మదిగా వస్తుండొచ్చు, లేదా ముందు రైల్వే గేటు పడి ఉండొచ్చు. గేటు పడి ఉన్నప్పుడు వెనకాల కిలోమీటరు దూరంలో నిలబడి చూసే మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మలబద్ధకంలో ఈ గేటు మలద్వారం చుట్టూ, పొత్తికడుపు అడుగున ఉన్న కండరాలు. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. ముక్కినప్పుడు ఇవి వదులవ్వాలి. కొందరిలో వదులయ్యే బదులు బిగుసుకుంటాయి. ఆ మనిషికి తెలియకుండానే, ఏళ్ల తరబడి. కింద బిగుసుకుంటే పైన పేగు కూడా నెమ్మదిస్తుంది. కాబట్టి పేగు నెమ్మదిగా ఉందని ఎక్స్‌రేలో తేలినంత మాత్రాన అసలు జబ్బు పేగుదే అనుకోకూడదు.

దీన్ని పట్టే పరీక్షల్లో మొదటిది, అన్నిటికన్నా చవకైనది, మన దగ్గర ఎక్కువగా వదిలేసేది, వేలితో చేసే పరీక్ష. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపు వైపు ముడుచుకుని పడుకోమంటారు. ముందు బయట చూస్తారు, చీలిక ఉందా, మొలలు ఉన్నాయా, ముక్కమంటే కింది భాగం ఎంత దిగుతోంది. తర్వాత గ్లోవు వేసుకుని జెల్లీ రాసిన వేలు లోపలికి పెట్టి మొదట బిగించమంటారు, ఆ తర్వాత ఆ వేలిని బయటికి తోసేస్తున్నట్టు ముక్కమంటారు. మామూలుగా అయితే కడుపు బిగుస్తుంది, వేలి చుట్టూ కండరం వదులవుతుంది. వేలిని ఇంకా గట్టిగా పట్టుకుందంటే అనుమానం అక్కడే. రెండు నిమిషాల పని. సిగ్గు వల్ల ఆడవాళ్లు వద్దంటారు, మొహమాటం వల్ల డాక్టర్లు అడగరు. లేడీ డాక్టర్ కావాలని, పక్కన నర్సు ఉండాలని అడిగే హక్కు మీకుంది. పరీక్షే వద్దనకండి.

ఇంకో ప్రశ్న ఉంది, అడిగితే తప్ప ఎవరూ చెప్పనిది. మోషన్ రావడానికి యోని వెనక గోడను వేలితో నొక్కాల్సి వస్తోందా? అవునంటే మలాశయం యోని వైపు ఉబ్బే రెక్టోసీల్ ఉండొచ్చు. కాన్పులైన ఆడవాళ్లలో చిన్న రెక్టోసీల్ మామూలే, కనిపించిన ప్రతిదానికీ ఆపరేషన్ అక్కర్లేదు. నొక్కితేనే అవుతోందన్నప్పుడు మాత్రం దానికి విలువుంది. అవసరమైతే ఎంఆర్ఐతో ముక్కేటప్పుడు తీసే బొమ్మల్లో తేలుతుంది.

తర్వాతి మెట్టు బెలూన్ పరీక్ష, మానోమెట్రీ. సన్నటి ట్యూబు చివర చిన్న బెలూన్‌ను లోపల పెట్టి అందులో 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపి, తలుపేసిన గదిలో కమోడ్ మీద కూర్చుని బయటికి తోయమంటారు. సాధారణంగా ఒక నిమిషంలో వచ్చేయాలి. మానోమెట్రీలో ట్యూబుకు ఉన్న సెన్సర్లు కండరాల ఒత్తిడిని కొలుస్తాయి. దీనికి మన వైపు నుంచి ఎక్కువగా హైదరాబాద్ పోవాల్సి వస్తుంది. ఖర్చు, ప్రయాణం రెండూ ఉన్నాయి కాబట్టే వేలి పరీక్ష ఇక్కడే సరిగ్గా చేయించుకోవడం ముఖ్యం.

ఈ వరుస ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2005లో ఇటలీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఉంది. పేగు నెమ్మదించిన 52 మందికి, వాళ్లలో 49 మంది ఆడవాళ్లే, బయోఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. స్క్రీన్ మీద తన కండరాల ఒత్తిడి తనే చూసుకుంటూ వదులు చేయడం నేర్చుకునే వైద్యం అది. ఆరు నెలలకు చూస్తే, కింది కండరాలు బిగుసుకునే సమస్య కూడా ఉన్నవాళ్లలో 71 శాతం మంది తృప్తిగా ఉన్నారు. పేగు నెమ్మదితనం ఒక్కటే ఉన్నవాళ్లలో 8 శాతం. పైకి ఒకే జబ్బులా ఉన్నా ఫలితం ఇంత తేడా.

24 రింగుల ఎక్స్‌రే

మందులతో తగ్గక, బయటి దారి సంగతి కూడా తేలాక, పేగు వేగం కొలుస్తారు. ఎక్స్‌రేలో కనిపించే 24 చిన్న రింగులున్న క్యాప్సూల్‌ను మింగిస్తారు. ఐదు రోజులకు, అంటే 120 గంటలకు కడుపు ఎక్స్‌రే తీస్తారు. ఐదుకు మించి రింగులు లోపలే ఉంటే పేగు నెమ్మది అని లెక్క. ఆ ఐదు రోజులూ విరేచనాల మందు వాడకూడదు, వాడాల్సి వస్తే చెప్పాలి. గర్భం ఉన్నా, ఉండొచ్చన్న అనుమానం ఉన్నా చేయకూడదు. రింగులు పేగు పొడవునా చెల్లాచెదురుగా ఉంటే పేగు మొత్తం నెమ్మదించిందని, అన్నీ చివర మలాశయం దగ్గర గుంపుగా ఉంటే బయటి దారి మళ్లీ చూడాలని సూచన. ఈ సూచన అన్నిసార్లూ నిజం కాదు, అందుకే దారి పరీక్ష ముందు.

మన వాళ్ల పేగు సగటున పాశ్చాత్యుల కన్నా వేగంగా కదులుతుంది. అందుకని లక్నోలోని ఎస్‌జీపీజీఐ అనే వైద్య సంస్థ డాక్టర్లు పద్ధతి మార్చారు. 0, 12, 24 గంటలకు 20 చొప్పున మార్కర్లు మింగించి, 36, 60 గంటలకు ఎక్స్‌రే తీస్తారు. రిపోర్టు చూసేటప్పుడు ఏ పద్ధతిలో చేశారో చూడాలి, ఒకదాని అంకెలతో ఇంకోదాన్ని పోల్చకూడదు.

తేలిన తర్వాత

పీచు గురించి నిజం చెప్పాలి. 1997లో 149 మందితో జర్మనీలో జరిగిన అధ్యయనంలో ఏ లోపమూ కనిపించని మలబద్ధకం ఉన్నవాళ్లలో 85 శాతం మందికి ఇసబ్‌గోల్ జాతి పీచుతో మేలైంది. పేగు నెమ్మదించినవాళ్లలో 80 శాతం మందికి కాలేదు. కాబట్టి మొదట పీచు వాడి చూడటం సరైనదే. జొన్న రొట్టె, తోటకూర, జామపండు అందరికీ మంచివే. కానీ ఆరు వారాలు వాడినా ఉబ్బరం పెరగడం తప్ప లాభం లేని మనిషికి ఇంకా ఇంకా తినమనడం వైద్యం కాదు. నీళ్లూ అంతే, ఒంట్లో నీరు తక్కువైతే పనిచేస్తాయి, బిందెలు తాగినా పేగుకు కదలిక రాదు.

మలంలో నీటిని పట్టి ఉంచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఎక్కువకాలం వాడినా ఫరవాలేని మందు. విరేచనాల గోళీ బిసాకోడిల్ అలవాటైపోయి పేగు చచ్చుబడుతుందన్న భయం చాలా ఎక్కువ, దానికి ఆధారం బలంగా లేదు. సునాముఖి వాడితే పేగు గోడ నల్లబడటం కొలనోస్కోపీలో కనిపిస్తుంది, అది హాని చేయదు. వీటితో కాకపోతే ప్రుకలోప్రైడ్ ఉంది. పెద్ద అలలను ఉత్తేజపరిచే ఈ మందును యూరప్‌లో 2009లో అనుమతించినప్పుడు ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చారు, ఎందుకంటే అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. అపార్ట్‌మెంట్లలో వెస్టర్న్ కమోడ్ మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే దారి కోణం తిన్నగా అవుతుంది. తిన్న పావుగంటకు పోయి కూర్చోవడం కూడా సాయపడుతుంది.

చివరగా ఆపరేషన్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ సర్జన్ ఆర్బత్‌నాట్ లేన్ మలబద్ధకానికి ఆడవాళ్ల పెద్దపేగును తీసేసేవాడు. మలం నిలిచి ఒళ్లంతా విషం ఎక్కుతుందన్న ఆయన సిద్ధాంతం తర్వాత నిలబడలేదు. పెద్దపేగు తీసి చిన్నపేగును మలాశయానికి కలిపే ఆపరేషన్ ఇప్పటికీ ఉంది, కానీ చాలా కొద్దిమందికే. అన్ని మందులూ వాడి చూశాక, పేగు నెమ్మదితనం పరీక్షలో తేలాక, బయటి దారి బాగుందని, పొట్ట, చిన్నపేగు కూడా సరిగ్గా కదులుతున్నాయని రుజువయ్యాకే దాని మాట ఎత్తాలి. అప్పుడు కూడా మోషన్ల సంఖ్య పెరుగుతుంది గానీ కడుపునొప్పి, ఉబ్బరం పోతాయన్న హామీ లేదు, కొందరికి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. వేలి పరీక్ష గానీ, బెలూన్ పరీక్ష గానీ, రింగుల ఎక్స్‌రే గానీ లేకుండా ఎవరైనా ఆపరేషన్ తేదీ రాస్తే, ఆ కాగితం పట్టుకుని ఇంకో గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి.